ఓపెన్ సోర్స్ కోడింగ్ అసిస్టెంట్: తెరిచి ఉన్నది ఏ పొర?

ప్రోగ్రామర్ రాస్తున్న కోడ్‌ను చదివి తరువాతి వరుసలు ఎలా ఉండవచ్చో సూచించే, అడిగిన సందేహాన్ని తీర్చే, అనుమతి ఇస్తే ఫైళ్లను తానే సవరించి పరీక్షలు కూడా నడిపి చూసే సాఫ్ట్‌వేర్‌ను కోడింగ్ అసిస్టెంట్ అని వ్యవహరిస్తున్నారు. గిట్‌హబ్ సంస్థ 2021 జూన్‌లో, ఓపెన్‌ఏఐ రూపొందించిన కోడెక్స్ మోడల్ ఆధారంగా కోపైలట్‌ను కొద్దిమందికి ప్రయోగాత్మకంగా ఇచ్చి, ఏడాది తిరిగేసరికి నెలకు 10 డాలర్ల చందాపై అందరికీ అందుబాటులోకి తేవడంతో ఈ తరహా సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్ల నిత్య వ్యవహారంలోకి వచ్చింది. దాని వెంటే అభ్యంతరాలూ వచ్చాయి. రాస్తున్న కోడ్ ఎక్కడో ఉన్న సర్వర్‌కు చేరుతోందని కొందరు, వెనుక పనిచేసే మోడల్‌ను ఎంచుకునే వీలు తమకు లేదని మరికొందరు, ధరలూ నిబంధనలూ రేపు మారితే అలవాటు పడినవారు చేయగలిగింది ఏమీ ఉండదని ఇంకొందరు వాదించారు. ఆ అసంతృప్తిలోంచే 2023 నుంచి ఓపెన్ సోర్స్ అసిస్టెంట్లు వరుసగా పుట్టుకొచ్చాయి. ఇప్పుడు వాటి సంఖ్యే చిక్కుగా మారి, వాటిలో ఏది నిజంగా ఓపెన్, ఎంతవరకు ఓపెన్ అన్నది తేల్చుకోవలసిన భారం వాడుకునేవారి మీద పడింది.

సాధారణ సాఫ్ట్‌వేర్ విషయంలో ఓపెన్ సోర్స్‌ను నిర్వచించడం కష్టం కాదు. 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్, సంక్షిప్తంగా ఓఎస్ఐ, ఇచ్చిన నిర్వచనం ప్రకారం సోర్స్ కోడ్ అందరికీ అందాలి, దానిని మార్చుకుని మళ్లీ పంచుకునే హక్కు ఉండాలి, ఫలానా వ్యక్తులు వాడరాదనిగాని ఫలానా పనికి వాడరాదనిగాని లైసెన్స్‌లో ఆంక్ష ఉండరాదు. కోడింగ్ అసిస్టెంట్ దగ్గరికి వచ్చేసరికి ఈ నిర్వచనం ఒక్కచోట నిలవదు. ఎందుకంటే వాడేవారికి ఒకే వస్తువుగా కనిపించేది నిజానికి మూడు పొరల కూర్పు. ఎడిటర్‌లోనో టెర్మినల్‌లోనో కూర్చుని ఫైళ్లను చదివి, ప్రశ్నను తయారుచేసి పంపి, వచ్చిన జవాబును కోడ్‌లో చేర్చే పరికరం మొదటి పొర. ఆ ప్రశ్నకు జవాబు పుట్టించే మోడల్ రెండవది. మోడల్ నడిచే కంప్యూటర్, అంటే సొంత ల్యాప్‌టాప్ గాని, కార్యాలయంలోని సర్వర్ గాని, వేరొక సంస్థ డేటా సెంటర్ గాని, మూడవది. ఒక పొర తెరిచి ఉన్నంత మాత్రాన మిగిలిన రెండూ తెరిచి ఉన్నట్టు కాదు. ప్రచారంలో మాత్రం ఈ మూడూ ఒకే మాట కింద కలిసిపోతున్నాయి.

మొదటి పొర విషయంలో పరిస్థితి ఆశాజనకంగానే ఉంది. వీఎస్ కోడ్‌లోనూ జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలోనూ అమరే కంటిన్యూ, టెర్మినల్‌లో నడిచే ఎయిడర్, వీఎస్ కోడ్‌లో ఏజెంట్‌గా, అంటే ఫైళ్లను తానే సవరించి కమాండ్లు నడిపేదిగా, పనిచేసే క్లైన్ అన్నీ అపాచీ 2.0 లైసెన్స్ కింద వెలువడినవే; ఓపెన్‌డెవిన్ పేరుతో 2024లో మొదలై తరువాత ఓపెన్‌హ్యాండ్స్‌గా మారిన ఏజెంట్ ఎంఐటీ లైసెన్స్ కింద ఉంది. ఈ రెండు లైసెన్సులూ మూల రచయితల పేరూ లైసెన్స్ పాఠమూ నిలిపి ఉంచమని కోరడం తప్ప వాడకం మీద పెద్ద షరతులేవీ పెట్టవు. పెద్ద సంస్థలు కూడా ఇదే దారి పట్టాయి: ఓపెన్‌ఏఐ 2025 ఏప్రిల్‌లో టెర్మినల్‌లో నడిచే కోడెక్స్ సీఎల్ఐని, గూగుల్ అదే ఏడాది జూన్‌లో జెమినై సీఎల్ఐని అపాచీ లైసెన్స్‌తో విడుదల చేయగా, మైక్రోసాఫ్ట్ అదే కాలంలో వీఎస్ కోడ్ కోసం తయారైన కోపైలట్ చాట్ ఎక్స్‌టెన్షన్ సోర్స్‌ను ఎంఐటీ లైసెన్స్‌తో బయటపెట్టింది. ఈ ఔదార్యానికి ఒక వ్యాపార కారణం లేకపోలేదు. పరికరాన్ని ఉచితంగా ఇచ్చినా దాని వెనుక నడిచే మోడల్‌కు చెల్లింపు వస్తూనే ఉంటుంది గనుక, విలువ రెండవ పొరలోకి జరిగిపోయిన తరువాత మొదటి పొరను తెరవడం వల్ల ఆ సంస్థలకు పోయేది చాలా తక్కువ.

రెండవ పొర దగ్గర అసలు గందరగోళం మొదలవుతుంది. మోడల్ అంటే శిక్షణలో స్థిరపడిన కోట్లాది అంకెల సముదాయం. ఆ అంకెలను వెయిట్స్ అంటారు. వాటిని ఎవరైనా దించుకునేలా విడుదల చేసిన మోడల్‌ను ఓపెన్ సోర్స్ అని పిలవడం పరిపాటి అయింది గాని, శిక్షణకు ఏ కోడ్ వాడారో, దానిని ఎలా వడపోశారో చెప్పకుండా వెయిట్స్ మాత్రమే ఇవ్వడం, జాడీడు ఆవకాయ చేతికిచ్చి పాళ్లు మాత్రం చెప్పకపోవడం వంటిదే. తినవచ్చు, పైన నూనె కలుపుకోవచ్చు. అటువంటిదే మళ్లీ పెట్టుకోవడం కుదరదు. అందుకే వీటిని ఓపెన్ వెయిట్ మోడళ్లు అనడం సరైనది. ఓఎస్ఐ 2024 అక్టోబరులో ప్రకటించిన ఓపెన్ సోర్స్ ఏఐ నిర్వచనం వెయిట్స్‌తో పాటు శిక్షణ ప్రోగ్రాములు, శిక్షణ సమాచారం గురించి నిపుణుడు అటువంటి వ్యవస్థను తిరిగి నిర్మించగలిగేంత వివరం కూడా ఉండాలని కోరింది. శిక్షణ సమాచారమే మొత్తంగా ఇవ్వాలని కోరకపోవడం రాజీ అని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదులు కొందరు విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం లేదనలేము.

ఈ గీటురాయి మీద ప్రసిద్ధ మోడళ్లను రుద్ది చూస్తే విచిత్రమైన ఫలితం వస్తుంది. మెటా సంస్థ 2023 ఆగస్టులో విడుదల చేసిన కోడ్ లామా, నెలకు 70 కోట్లకు మించి వాడకందారులు ఉన్న సంస్థలు విడిగా అనుమతి పొందాలన్న షరతు గల లైసెన్స్ కింద వచ్చింది గనుక ఓఎస్ఐ దృష్టిలో ఓపెన్ సోర్స్ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన మిస్ట్రాల్ 2024 మేలో ఇచ్చిన కోడెస్ట్రాల్ వెయిట్స్ దించుకోవచ్చు, ప్రయోగాలు చేసుకోవచ్చు, కాని వ్యాపార అవసరానికి వాడాలంటే విడి ఒప్పందం కావాలి. అదే సంస్థ ఏడాది తరువాత ఓపెన్‌హ్యాండ్స్ బృందంతో కలిసి చేసిన డెవ్‌స్ట్రాల్ మాత్రం అపాచీ 2.0 కింద వచ్చింది. అలీబాబా వారి క్వెన్ 2.5 కోడర్ కుటుంబంలో 50 కోట్ల పరామితుల చిన్న మోడల్ నుంచి 3,200 కోట్ల పరామితుల మోడల్ దాకా దాదాపు అన్నీ అపాచీ కింద ఉండగా, మధ్యలోని 300 కోట్ల పరామితుల మోడల్ ఒక్కటి పరిశోధన లైసెన్స్ కింద ఉంది. కుటుంబం పేరు చూసి లైసెన్స్ ఊహించుకున్నవారు పొరబడేది ఇక్కడే. ఇక హగ్గింగ్ ఫేస్, సర్వీస్‌నౌ సంస్థల ఆధ్వర్యంలో బిగ్‌కోడ్ అనే ఉమ్మడి ప్రాజెక్టు 2023 మేలో ఇచ్చిన స్టార్‌కోడర్, 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన స్టార్‌కోడర్ 2 శిక్షణకు వాడిన కోడ్ నిల్వను ద స్టాక్ పేరుతో బయటపెట్టి, తమ కోడ్ అందులో ఉందో లేదో ఎవరైనా చూసుకుని తీసివేయమని కోరే ఏర్పాటు కూడా చేశారు. పారదర్శకతలో వీటికి సాటి వచ్చేవి తక్కువ. అయినా వాటి లైసెన్స్ కొన్ని రకాల వాడకాన్ని నిషేధిస్తున్నందున, లైసెన్స్ మార్చితే తప్ప స్టార్‌కోడర్ 2 తమ నిర్వచనంలోకి రాదని ఓఎస్ఐ భావించింది. అంటే పాళ్లన్నీ చెప్పిన మోడల్‌కు లైసెన్స్ అడ్డు వచ్చింది, లైసెన్స్‌లో ఏ అడ్డూ లేని క్వెన్ మోడళ్లు పాళ్లు చెప్పలేదు.

ఇంత సూక్ష్మం ఎందుకని సాధారణ పాఠకుడు అడగవచ్చు. కళాశాల ప్రాజెక్టు చేసుకునే విద్యార్థికి కోడెస్ట్రాల్‌కూ డెవ్‌స్ట్రాల్‌కూ మధ్య ఉన్న ఈ తేడా బహుశా తగలదు. అమ్మకానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న సంస్థకు మాత్రం తప్పక తగులుతుంది. ఏ కోడ్ మీద శిక్షణ పొందిందో తెలియని మోడల్, వేరొకరి కోడ్‌ను యథాతథంగా వల్లించే అవకాశం ఉండటం రెండవ సమస్య. 2022 నవంబరులో కోపైలట్ మీద అమెరికాలో కొందరు ప్రోగ్రామర్లు వేసిన దావాకు మూలం అదే: తాము ఓపెన్ సోర్స్ లైసెన్సులతో ఉంచిన కోడ్‌ను రచయిత పేరూ లైసెన్సూ లేకుండా తిరిగి అందిస్తున్నారన్నది వారి ఫిర్యాదు.

మూడవ పొర గురించి చాలామందికి తోచనే తోచదు గాని, గోప్యతకు సంబంధించినంతవరకు కీలకం అదే. క్లైన్ సోర్స్ కోడ్ మొత్తం చదవవచ్చు. అయినా దానికి ఒక మూసిన మోడల్ సర్వర్‌ను వాడుకునే అనుమతి కీని జతచేసిన క్షణం నుంచి తెరిచిన ఫైళ్లూ, టెర్మినల్‌లో కనిపించే ఫలితాలూ, దోష సందేశాలూ ఆ సర్వర్‌కు ప్రయాణిస్తాయి. వెయిట్స్ తెరిచి ఉన్న మోడల్ అయినా వేరొక సంస్థ సర్వర్ మీద వాడితే ఇదే జరుగుతుంది. డీప్‌సీక్ మోడల్ వెయిట్స్ ఎంఐటీ లైసెన్స్‌తో దొరకడం వేరు, డీప్‌సీక్ సంస్థ సర్వర్‌కు కోడ్ పంపడం వేరు. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు సంస్థ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో అతికించారన్న విషయం బయటపడి, ఆ ఏడాది మేలో సంస్థ తన కంప్యూటర్లలో అటువంటి సేవలను నిషేధించవలసి వచ్చింది. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో విదేశీ క్లయింటుకు పనిచేసే సేవా సంస్థలకు ఈ ఉదంతం దూరపు వార్త కాదు. ఆ కోడ్ వారి సొత్తు కాదు, క్లయింటు సొత్తు. ఒప్పందంలో గోప్యతా నిబంధన ఉన్నచోట, అసిస్టెంట్ ఉచితమా కాదా అన్న ప్రశ్నకన్నా జవాబు ఎక్కడ తయారవుతోందన్న ప్రశ్న ముందు రావాలి. టాబీ వంటి పరికరాలు ప్రచారంలోకి రావడానికి కారణం కూడా అదే. సంస్థ తన సొంత సర్వర్ మీద మోడల్‌ను నిలుపుకుని, అందరి ఎడిటర్లనూ దానికే కలిపి, కోడ్ ప్రహరీ దాటకుండా చూసుకోవడానికి అవి వీలు కల్పిస్తాయి.

సొంత యంత్రం మీదే నడుపుకోవాలంటే కొంత లెక్క తెలిసి ఉండాలి. పరామితి అంటే పైన చెప్పిన అంకెలలో ఒకటి. సాధారణంగా ఒక్కొక్క అంకెకు 16 బిట్లు, అంటే రెండు బైట్లు పడతాయి. 700 కోట్ల పరామితుల మోడల్‌కు ఆ లెక్కన 14 జీబీ మెమరీ కావాలి. అందుకని క్వాంటైజేషన్ అనే పద్ధతిలో ప్రతి అంకెనూ నాలుగు బిట్లకు కుదిస్తారు. కచ్చితత్వం కొద్దిగా తగ్గినా పరిమాణం నాలుగో వంతుకు చేరుతుంది. గియోర్గి గెర్గనోవ్ 2023 మార్చిలో మొదలుపెట్టిన లామా.సీపీపీ అనే ప్రోగ్రామ్ ఈ పద్ధతిని సామాన్య కంప్యూటర్ల దాకా తెచ్చింది. దాని మీద ఆధారపడి మొదలైన ఓలామా ఒకటి రెండు కమాండ్లతో మోడల్‌ను దించి నడిపే సౌకర్యం ఇచ్చింది. నాలుగు బిట్లకు కుదించిన 700 కోట్ల తరగతి క్వెన్ కోడర్ ఓలామాలో 4.7 జీబీ, 150 కోట్ల తరగతిది ఒక జీబీ లోపు, 3,200 కోట్ల తరగతిది 20 జీబీ ఉంటాయి. ఎనిమిది జీబీ మెమరీ గల ల్యాప్‌టాప్‌లో బ్రౌజరూ ఎడిటరూ పోగా మిగిలేదాంట్లో మొదటిది ఇరుకుగా పడుతుంది, రెండవది హాయిగా పడుతుంది, మూడవది పట్టనే పట్టదు. డీప్‌సీక్ వీ3 వంటి 67,100 కోట్ల పరామితుల మోడల్‌ను నాలుగు బిట్లకు కుదించినా 330 జీబీకి పైబడుతుంది గనుక, దానిని ఇంట్లో నడపడం అన్నది ఎక్కువమందికి మాటవరసకే.

మోడల్ మెమరీలో పట్టినంత మాత్రాన వేగంగా నడుస్తుందని కాదు. మోడల్ జవాబును టోకెన్ల రూపంలో, అంటే పదాలుగానో పదాల ముక్కలుగానో, ఒకదాని తరువాత ఒకటిగా పుట్టిస్తుంది. ప్రతి టోకెన్‌కూ తన వెయిట్స్ అన్నిటినీ మెమరీ నుంచి ఒకసారి చదవవలసి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో జంట ఛానళ్ల డీడీఆర్4 మెమరీ గరిష్ఠంగా సెకనుకు సుమారు 50 జీబీ చదవగలదు కాబట్టి, 4.7 జీబీ మోడల్ సెకనుకు పది పదకొండు టోకెన్లకు మించి ఇవ్వలేదు. ప్రశ్నకు జవాబు చదువుకోవడానికి ఆ వేగం సరిపోవచ్చు. ఏజెంట్ పనికి చాలదు. ఏజెంట్ ఒక్కొక్క అడుగుకూ అప్పటిదాకా జరిగిన సంభాషణనంతా తిరిగి చదివి వందల టోకెన్లు పుట్టిస్తూ పోతుంది. ఈ ఇబ్బందికి వచ్చిన విరుగుడే మిశ్రమ నిపుణుల అమరిక: మోడల్‌ను అనేక భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క టోకెన్‌కు కొన్ని భాగాలనే పనిచేయిస్తారు. 2025 ఆగస్టులో ఓపెన్‌ఏఐ అపాచీ లైసెన్స్‌తో విడుదల చేసిన జీపీటీ ఓఎస్ఎస్ చిన్న మోడల్‌లో 2,100 కోట్ల పరామితులు ఉన్నా ఒక్కో టోకెన్‌కు పనిచేసేవి 360 కోట్లే. 16 జీబీ మెమరీతో దానిని నడపవచ్చని సంస్థ చెప్పింది. అలీబాబా వారి క్వెన్ 3 కోడర్‌లోని 3,000 కోట్ల తరగతి మోడల్‌దీ ఇదే తీరు.

ఇంకొక చిన్న అమరిక చాలామందిని తప్పుదారి పట్టించింది. మోడల్ ఒకసారికి దృష్టిలో ఉంచుకోగల టోకెన్ల సంఖ్యను కాంటెక్స్ట్ అంటారు. మోడల్ సామర్థ్యం ముప్పై వేల టోకెన్లు ఉన్నా, ఓలామా చాలాకాలం తనంతట తాను 2,048 టోకెన్లనే, తరువాత 4,096 టోకెన్లనే కేటాయించేది. ఏజెంట్ పరికరం మోడల్‌కు మొదట పంపే ఆదేశాల పాఠమే అంతకన్నా పొడవుండటంతో, మోడల్‌కు అసలు ప్రశ్న పూర్తిగా చేరకముందే ఆ చోటు నిండిపోయేది. మోడల్ తెలివితక్కువదని తీసివేసినవారిలో ఎందరు ఈ ఒక్క అంకెను మార్చి చూశారో సందేహమే.

ఎంపికలో పనిని బట్టి పోవడం మేలు. టైప్ చేస్తుండగానే కర్సర్ దగ్గర మసకగా కనిపించే సూచన కోసం పెద్ద మోడల్ అవసరం లేదు. అరసెకనులో రాని సూచన వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఈ పనికి మోడల్‌కు కర్సర్‌కు పైనున్న కోడ్‌నూ కిందనున్న కోడ్‌నూ రెండు ముక్కలుగా ఇచ్చి మధ్య ఖాళీని పూరించమంటారు. అలా పూరించడం నేర్పిన మోడళ్లే ఇందులో రాణిస్తాయి, సంభాషణ కోసం తీర్చిదిద్దిన మోడల్ ఎంత పెద్దదైనా ఇక్కడ అనవసరపు వివరణలు రాస్తుంది. అందుచేత కంటిన్యూ వంటి పరికరంలో పూరణకు 150 కోట్ల తరగతి క్వెన్ కోడర్‌ను సొంత యంత్రం మీదా, సంభాషణకు పెద్ద మోడల్‌ను వేరొక చోటా పెట్టుకోవడం వివేకమైన అమరిక. ఓపెన్ సోర్స్ పరికరం వల్ల కలిగే అసలు లాభం కూడా ఇక్కడే కనిపిస్తుంది: ఏ పనికి ఏ మోడల్‌ను ఎక్కడ నడపాలో వాడుకునేవారే ఎంచుకోవచ్చు.

ఏజెంట్ తరహా పనికి వచ్చేసరికి ఎయిడర్, క్లైన్ రెండూ రెండు స్వభావాలు. పాల్ గోథియర్ 2023లో మొదలుపెట్టిన ఎయిడర్ టెర్మినల్‌లో నడుస్తుంది. ఏయే ఫైళ్లను సవరించవచ్చో ప్రోగ్రామర్ చెబుతాడు, మిగిలిన ప్రాజెక్టులో ఏ ఫంక్షన్ ఎక్కడ ఉందో తెలిపే పటాన్ని పరికరమే తయారుచేసి మోడల్‌కు పంపుతుంది. మార్పు జరిగిన వెంటనే దానిని గిట్‌లో, అంటే కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే వ్యవస్థలో, వివరణ వాక్యంతో సహా నమోదు చేస్తుంది. నచ్చకపోతే అన్‌డూ అనే ఒక్క ఆదేశంతో ఆ నమోదు వెనక్కి పోతుంది. ఏమి మారింది, ఎవరు మార్చారు అన్నది ఏ రోజుకారోజు చరిత్రలో నిలిచి ఉండటం చూడటానికి చిన్న సౌకర్యమే గాని, నెల తరువాత ఏదైనా చెడినప్పుడు దాని విలువ తెలుస్తుంది. 2024లో క్లాడ్ డెవ్ పేరుతో మొదలైన క్లైన్ ఇంతకన్నా చొరవ గలది. పథకం వేసే దశ, అమలు చేసే దశ అని రెండు విడిగా ఉంచి, రెండవ దశలో ఫైళ్లను తానే వెతికి సవరించడానికీ కమాండ్లు నడపడానికీ ప్రతిసారీ అనుమతి అడుగుతుంది, అప్పటిదాకా ఎంత ఖర్చయిందో తెర మీదే చూపుతుంది. అడిగి అడిగి విసుగు తెప్పిస్తుందని కొందరు అనుమతులన్నీ ఒకేసారి ఇచ్చేస్తారు. ఆ పని చేయకపోవడమే మంచిది. క్లైన్ నుంచి చీలి రూ కోడ్, ఆ తరువాత కిలో కోడ్ వచ్చాయి. ఇలా చీలిక సాధ్యపడటమే ఓపెన్ సోర్స్‌లో వాడుకునేవారికి ఉన్న బీమా: మూల బృందం దారి మార్చినా, మూతపడినా, కోడ్ మిగులుతుంది. వీఎస్ కోడ్ సోర్స్ నుంచే పుట్టిన కర్సర్ ఎడిటర్ మాత్రం మూసిన సాఫ్ట్‌వేర్. అటువంటి బీమా దానికి లేదు.

అంకెల పట్టికలను చూసి మోడల్‌ను ఎంచుకునేవారు ఆ అంకెల పుట్టుక కూడా తెలుసుకోవాలి. 2021లో ఓపెన్‌ఏఐ ఇచ్చిన హ్యూమన్ ఈవల్ పరీక్షలో ఉన్నవి 164 చిన్న పైథాన్ సమస్యలు. వాటి జవాబులు ఇంటర్నెట్ నిండా వ్యాపించిన తరువాత అందులో వచ్చే మార్కులకు అర్థం తగ్గిపోయింది. ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2023లో రూపొందించిన ఎస్‌డబ్ల్యూఈ బెంచ్ 12 పైథాన్ ప్రాజెక్టుల నుంచి తీసిన 2,294 నిజమైన ఫిర్యాదులను పరిష్కరించమంటుంది. తొలి పత్రం నాటికి మేటి మోడల్ రెండు శాతం కూడా దాటలేదు. దానినుంచి ఏరిన 500 ఫిర్యాదుల ఉపసమితి మీద 2025 నాటికి మేటి వ్యవస్థలు 70 శాతం దాటాయి. ఇది నిజమైన ప్రగతే. అయితే జావాలో రాసిన పదిహేనేళ్ల నాటి బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఆ మోడల్ ఎలా పనిచేస్తుందో పైథాన్ ప్రాజెక్టుల పరీక్ష చెప్పదు. మనిషి అంచనా మీదా ఆధారపడలేమని మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో తేల్చింది: 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టులలో 246 పనులు చేయగా, ఏఐ పరికరాలు వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది, పని ముగిశాక కూడా తమ వేగం 20 శాతం పెరిగిందనే వారు నమ్మారు.

భద్రత విషయంలో ఓపెన్ అన్న మాటకు తనంతట తాను రక్షించే శక్తి లేదు. అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 16 మోడళ్ల చేత 5,76,000 కోడ్ నమూనాలు రాయించి చూడగా, అవి సూచించిన ప్యాకేజీలలో, అంటే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే సిద్ధ కోడ్ పొట్లాలలో, అసలు లేనివాటి వాటా వ్యాపార మోడళ్లలో సగటున 5.2 శాతం, ఓపెన్ మోడళ్లలో 21.7 శాతం ఉన్నట్టు తేలింది. లేని పేరుతో ఎవరైనా హానికర ప్యాకేజీని నమోదు చేసి ఉంచితే, ఏజెంట్ దానిని అనుమతి లేకుండానే తెచ్చుకునే ప్రమాదం ఉంటుంది. ఓపెన్ సోర్స్ పట్ల అభిమానం ఉన్నవారు ఈ అంకెను దాటవేయడం తగదు. పరీక్షించిన మోడళ్లు ఇప్పటివాటికన్నా పాతవన్నది మాత్రం గుర్తుంచుకోవచ్చు. 2025 జూలైలో వీఎస్ కోడ్ కోసం అమెజాన్ ఇచ్చిన అమెజాన్ క్యూ ఎక్స్‌టెన్షన్ ఓపెన్ రిపాజిటరీలోకి ఒకరు, ఫైళ్లనూ క్లౌడ్‌లోని వనరులనూ తుడిచిపెట్టమని ఏజెంట్‌ను ఆదేశించే పాఠాన్ని చొప్పించగా, అది ఒక అధికారిక విడుదలలో కలిసిపోయి వాడుకరులకు చేరింది. ఆ ఆదేశం అమలు కాలేదని సంస్థ తెలిపింది. సోర్స్ అందరికీ కనిపించడం ఎంత ముఖ్యమో, దానిలోకి వచ్చే మార్పును ఆమోదించేవారు చదవడం అంత ముఖ్యం.

తెలుగులో అడిగి కోడ్ రాయించుకోవాలనుకునే వారికి ఒక ప్రత్యేక సమస్య ఉంది. యూనికోడ్ పాఠాన్ని నిల్వచేసే వాడుక పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఇంగ్లీషు పాఠం మీద తీర్చిన టోకెన్ విభజనలో తెలుగు మాట ముక్కచెక్కలైపోయి, అదే ప్రశ్నకు ఎన్నో రెట్లు టోకెన్లు ఖర్చవుతాయి, కాంటెక్స్ట్ త్వరగా నిండుతుంది. ఓపెన్‌ఏఐ 2024 మేలో కొత్త విభజనను ప్రకటిస్తూ, ఒక నమూనా తెలుగు పాఠం 159 టోకెన్ల నుంచి 45కు తగ్గిందని చూపింది; జీపీటీ ఓఎస్ఎస్ మోడళ్లు ఆ విభజన కుటుంబానికే చెందినవి గనుక ఓపెన్ మోడళ్లను వాడేవారికీ ఆ లాభం అందింది. మిగిలిన మోడళ్లలో పరిస్థితి ఎలా ఉందో నాలుగు తెలుగు వాక్యాలు ఇచ్చి టోకెన్లు లెక్కపెడితే తెలిసిపోతుంది. వ్యాఖ్యలూ వివరణలూ తెలుగులో కావాలనుకునే ఉపాధ్యాయులు ఈ పని తప్పక చేసి చూడాలి.

ఎంపిక చివరికి సొంత కోడ్ మీద పరీక్ష దగ్గరికే వస్తుంది, దానికి పెద్ద ఏర్పాటూ అక్కరలేదు. ప్రాజెక్టు గిట్ చరిత్రలో ఇప్పటికే పరిష్కారమైన కొన్ని బగ్గులను ఎంచుకుని, సవరణ జరగడానికి ముందున్న స్థితికి విడి నకలులో వెళ్లి, ఆ తరువాతి చరిత్రను అందులోంచి తొలగించి, నాడు వచ్చిన ఫిర్యాదు పాఠాన్నే అసిస్టెంట్‌కు ఇవ్వాలి. అది చేసిన మార్పును మనిషి చేసిన సవరణ పక్కన పెట్టి, పరీక్షలు నెగ్గాయా, సంబంధం లేని ఫైళ్లను ముట్టుకుందా, ఎంతసేపు పట్టింది, ఎన్ని టోకెన్లు ఖర్చయ్యాయి అన్నవి రాసుకోవాలి. సులువైనవి రెండు, చిరాకు పుట్టించినవి రెండు, ఎవరికీ సరిగా అర్థం కాని పాత ఫైలుకు సంబంధించినది ఒకటి కలిపితే ఒక పూటలో ముగిసే పని ఇది. పరికరం ఓపెన్ సోర్స్ అయితే దానిని అలాగే ఉంచి వెనుక మోడల్‌ను మాత్రం మార్చి ఇదే పరీక్షను మళ్లీ నడపవచ్చు. కొత్త మోడల్ వెలువడిన ప్రతిసారీ ఆ బగ్గుల జాబితానే మళ్లీ తీయవచ్చు.